ముందు ప్లాంటు కాదు, ముందు ఆటో

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇదీ: హైదరాబాద్‌లో రోజుకు ఏడు వేల టన్నులకు పైగా చెత్త వస్తోంది కదా, శుభ్రమైన నగరంగా పేరు తెచ్చుకున్న ఇండోర్ చేసింది మనం ఎందుకు చేయలేకపోతున్నాం? చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంట్లు ఇంకో రెండు మూడు పెడితే సరిపోదా? నగరం మొత్తం మీ చేతికిస్తే మొదటి ఏడాది ఏం చేస్తారు? చివర్లో మీ 140 ఫ్లాట్ల అపార్ట్‌మెంటులో కంపోస్టు వాసన గురించి కూడా రాశారు. దానికీ వస్తాను.

నేను పురపాలక శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. తెల్లవారుజామున అయిదింటికి మస్టరు దగ్గర హాజరు తీసుకోవడంతో మొదలై, టెండరు పత్రాలు రాసే దాకా వచ్చాను. ఆ పత్రాల్లో నేను చేసిన తప్పు ఒకటి కిందే చెబుతాను, ఎందుకంటే అదే తప్పు ఇప్పటికీ చాలా ఊళ్లలో జరుగుతోంది.

నగరం నా చేతికిస్తే నేను మొదట చూసేది ప్లాంటు కాదు, మీ వీధిలోకి వచ్చే చెత్త ఆటో. కొంచెం లెక్క వేద్దాం.

మనిషికి రోజుకు అరకిలో అటూ ఇటుగా చెత్త వస్తుంది. నలుగురున్న ఇల్లంటే రెండు కిలోలు. ఒక ఆటోకి ఆరు వందల ఇళ్లు అప్పగించారనుకోండి, 1,200 కిలోలు. ఆటో మోయగలిగేది ఏడెనిమిది వందల కిలోలు, అదీ కాళ్లతో తొక్కి నింపితే. అంటే రెండు ట్రిప్పులు తప్పవు. ఉదయం ఆరింటికి బయల్దేరిన బండి తొమ్మిదిన్నరకల్లా నిండిపోతుంది. ఆటోల చెత్తను పెద్ద బండ్లలోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ ఆరు కిలోమీటర్లు, ఆ టైములో ట్రాఫిక్ సంగతి మీకు తెలుసు. అక్కడికి వెళ్తే ముందు ఇరవై ఆటోలు వరుసలో ఉంటాయి. ఖాళీ చేసి తిరిగొచ్చేసరికి పన్నెండు దాటుతుంది. ఈలోగా మిగిలిన రెండు వందల ఇళ్లవాళ్లు ఆఫీసులకు పోతూ పోతూ కవరు ముడేసి ట్రాన్స్‌ఫార్మర్ కింద పెట్టేస్తారు. మొదటి రోజు ఒక కవరు, రెండో రోజు పది. మూడో రోజుకి కుక్కలు వచ్చి చింపుతాయి.

అలాంటి చోటుకి మా శాఖలో జీవీపీ అని పేరు, గార్బేజ్ వల్నరబుల్ పాయింట్. ఆ చోట మేం చేయని పని లేదు. కడిగి ముగ్గు వేశాం, పూలకుండీలు పెట్టాం, జరిమానా బోర్డు కట్టాం, గోడకి దేవుడి బొమ్మలు అతికించాం. నాలుగు రోజులు ఆగేది, అయిదో రోజు పది గజాల అవతల ఇంకో కుప్ప. దేవుడికి కూడా రెండో ట్రిప్పు తెప్పించే శక్తి లేదు మరి. కొంతమందికి బుద్ధి లేదన్నది నిజమే, కాదనను. కానీ నేను చూసిన కుప్పల్లో ఎక్కువ భాగం పుట్టింది జనం బుద్ధి వల్ల కాదు, బండి సమయానికి రాకపోవడం వల్ల.

ఇప్పుడు ఆ డ్రైవరు వైపు నుంచి చూడండి. హైదరాబాద్‌లో స్వచ్ఛ ఆటోలు 2015 నవంబరులో మొదలయ్యాయి. నడిపేవాడే ఓనరు అనే పద్ధతి, ఇంటింటికీ నెలవారీ రుసుము అతనే వసూలు చేసుకోవాలి. కాగితం మీద ఇంటికి యాభై. చేతికొచ్చేది ఒక కాలనీలో వంద, పక్క బస్తీలో సున్నా. డీజిలు, బండి వాయిదా, రిపేర్లు అందులోంచే. చాలా బండ్లలో భార్యే హెల్పరు, వెనక నిలబడి ఒట్టి చేతులతో అట్టపెట్టెలు, సీసాలు, పాల కవర్లు ఏరుతుంటుంది. వాటిని పాత సామాను కొట్టులో అమ్మితే వచ్చేదే ఆ రోజు లాభం. ఈ పరిస్థితిలో డబ్బులివ్వని బస్తీకి అతను ఎందుకు వెళ్తాడు? వెళ్లకపోతే మనం అతన్ని తిడతాం. బస్తీలో కుప్పలు పడితే బస్తీవాళ్లను తిడతాం.

అదే ఏడాది ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు పంచారు గుర్తుందా? మొత్తం 44 లక్షల డబ్బాలు, తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి. మా బంధువుల ఇంట్లో నీలం డబ్బాలో ఉల్లిపాయలు ఉండేవి. ఇందులో నవ్వడానికేమీ లేదు. మొదటి రెండు నెలలు ఆడవాళ్లు శ్రద్ధగానే విడదీశారు. తర్వాత ఓ రోజు గుమ్మంలో నిలబడి చూస్తే, రెండు డబ్బాలనూ ఆటోవాడు ఒకే గుట్టలో బోర్లించాడు. "మీరు కలిపేసేదానికి నేనెందుకు విడదీయాలి సార్?" అని ఒకావిడ నన్ను నిలదీసింది. నా దగ్గర సమాధానం లేదు. ఆటోవాడి దగ్గరా లేదు, ఎందుకంటే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో ఉన్నది ఒకటే గుంట. అతను విడిగా తెచ్చినా అక్కడ కలిసిపోవాల్సిందే. అవగాహన సదస్సులకు పెట్టిన ఖర్చంతా ఆ ఒక్క దృశ్యంతో నీళ్లపాలైంది.

అందుకని నేను చేసే మొదటి మార్పు చాలా చిన్నది, ప్రారంభోత్సవానికి కూడా పనికిరాదు. తడి చెత్త రోజూ తీసుకుంటాం, పొడి చెత్త వారానికి రెండు రోజులే తీసుకుంటాం. అంతే.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. బరువులో తడి చెత్త సగం పైన ఉంటుంది, కానీ బండిలో చోటు తినేది పొడి చెత్త. అట్టపెట్టెలు, థర్మోకోల్, చిప్స్ కవర్లు, స్విగ్గీ డబ్బాలు, అన్నీ గాలి. వాటిని పక్కన పెడితే ఆరు వందల ఇళ్ల తడి చెత్త ఆరున్నర, ఏడు వందల కిలోలు. ఒక్క ట్రిప్పులో సరిపోతుంది! పొద్దున్న తొమ్మిదిన్నరకి వీధి అయిపోతుంది. పొడి చెత్త కుళ్లదు, బాల్కనీలో మూడు రోజులున్నా ఏమీ కాదు. డైపర్లు, ప్యాడ్లు మాత్రం ఆగవు, వాటిని కాగితంలో చుట్టి రోజూ విడి సంచిలో ఇవ్వాలి. బండికి పక్కన ఒక చిన్న డబ్బా వెల్డింగ్ చేయిస్తే సరి. కొత్త బండి కొనకుండా, కొత్త మనిషిని పెట్టకుండా వారంలో అయిదు రోజులు రెండో ట్రిప్పు గొడవ పోతుంది, విడదీయడమూ దానంతటదే జరుగుతుంది. ఎందుకంటే పొడి చెత్త రోజు కానప్పుడు ప్లాస్టిక్ కలిపిన డబ్బా ఇస్తే బండి తీసుకోదు.

ఆ "తీసుకోదు" అన్నచోటే అసలు పరీక్ష. మొదటి వారం కార్పొరేటర్‌కు ఫోన్లు వెళ్తాయి, రెండో వారం ఎమ్మెల్యేకి. ఆ మూడు నాలుగు వారాలు కమిషనర్ నిలబడితే నిలబడినట్టు. అందుకే నగరమంతా ఒకేసారి మొదలుపెట్టకూడదు. ఇండోర్ కూడా 2016లో రెండు వార్డుల్లో చేసి చూసుకుని, అక్కడ తిట్లు తిని, సర్దుకుని, తర్వాత ఊరంతా విస్తరించింది.

దీంతోపాటే ట్రాన్స్‌ఫర్ స్టేషన్‌లో రెండో గుంట, చెత్తను నొక్కి కుదించే రెండో కాంపాక్టరు ఉండి తీరాలి. ఒకటి తడికి, ఒకటి పొడికి. ఈ రెండూ ఒకే రోజు మొదలు కాకపోతే అసలు మొదలుపెట్టొద్దు. విడదీసిన ఇల్లాలు ఒక్కసారి మోసపోతే మళ్లీ నమ్మడానికి అయిదేళ్లు పడుతుంది.

నా తప్పు సంగతి. కొన్నేళ్ల కిందట ఒక పట్టణంలో చెత్త రవాణాకు టెండరు రాశాను. వే బ్రిడ్జి మీద తూచి, టన్నుకు ఇంత అని చెల్లింపు. చాలా పారదర్శకం అనుకుని సంతోషపడ్డాను. ఆరు నెలల్లో ఊరి చెత్త బరువు పెరిగింది. ఊళ్లో జనం పెరగలేదు, హోటళ్లూ పెరగలేదు. ఓ రోజు చెప్పాపెట్టకుండా వెళ్లి లారీ దింపించి చూస్తే కింద కాలువ పూడిక మట్టి, మధ్యలో కూల్చిన ఇటుకలు, పైన చెత్త. వానాకాలంలో టార్పాలిన్ కప్పేవాళ్లు కాదు, తడిస్తే బరువు కదా! కాంట్రాక్టర్‌ను తిట్టాను. కానీ అతను చేసింది నేను రాసిన పత్రం ప్రకారమే. బరువుకు డబ్బులిస్తానన్నాను, బరువు తెచ్చాడు.

ఇది మా ఊరి కథ మాత్రమే కాదు. టన్నుకు ఇంత అని చెల్లించే చోట, మీ అపార్ట్‌మెంటులో మీరు కంపోస్టు చేసుకుంటే ఒకరి బిల్లు తగ్గుతుంది. అంటే ఊరు బాగుపడటం ఆ వ్యవస్థకు నష్టం. ఎంత మంచి కమిషనర్ వచ్చినా ఆ కాగితం మారకపోతే ఏమీ మారదు. నేనైతే సేకరణకు టన్నుల లెక్క తీసేసి ఇళ్ల లెక్క పెడతాను. ఇన్ని ఇళ్లకు రోజూ సమయానికి వెళ్లావు, విడిగా తెచ్చావు, ఇదిగో నీ డబ్బు. డ్రైవరుకు నెల జీతం కార్పొరేషన్ ఇవ్వాలి, రుసుము అతని చేతిమీదుగా పోకూడదు. పొడి చెత్త అమ్ముకునే హక్కు మాత్రం అతనికే వదిలేయాలి, అది లాక్కుంటే విడదీసే ఆసక్తే పోతుంది. డంపింగ్ యార్డు నడిపేవాళ్లకు, అక్కడికి చేరే కలగాపులగం చెత్త ఏడాదికేడాది తగ్గిన కొద్దీ బోనస్.

రుసుము అంటే ఆంధ్రప్రదేశ్ అనుభవం గుర్తొస్తుంది. 2021 అక్టోబరు 2న క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో ఇంటింటి సేకరణకు యూజర్ ఛార్జీ పెట్టారు. జనం దానికి 'చెత్త పన్ను' అని పేరు పెట్టేశారు, పేరు పడ్డ రోజే అది ఓడిపోయింది. మూడేళ్ల తర్వాత, 2024 అక్టోబరు 2నే, ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు మచిలీపట్నంలో దాన్ని రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. డబ్బు అడగడం తప్పని నేను అనను. ఈ పనికి ఖర్చవుతుంది, ఎవరో ఒకరు ఇవ్వాలి. కానీ ఆరు నెలలు బండి టంచనుగా వచ్చిన వీధిలో వంద అడిగితే ఇస్తారు. బండి రాకముందే బిల్లు వస్తే పన్ను అంటారు.

ఇప్పుడు ప్లాంట్లు. నేను వాటికి వ్యతిరేకిని కాదు. హైదరాబాద్ చెత్త చేరే జవహర్‌నగర్ యార్డులో 19.8 మెగావాట్లతో 2020లో మొదలైన ప్లాంటు తర్వాత 24 మెగావాట్లకు పెరిగింది. అది నడుస్తోందంటే దానిలోకి పోయేది పచ్చి చెత్త కాదు. ముందే ఆరబెట్టి, జల్లెడ పట్టి, కాలే వస్తువులు విడదీసిన ఇంధనం, ఆర్‌డీఎఫ్ అంటాం. ఈ తేడా తెలియనప్పుడు ఏమవుతుందో ఢిల్లీ తిమార్‌పూర్ చూపించింది. 1987లో డెన్మార్క్ సాంకేతికతతో రోజుకు 300 టన్నులు కాల్చే ప్లాంటు కట్టారు. మూడు వారాలు నడిచి ఆగిపోయింది. డెన్మార్క్ చెత్తలో కాగితం, ప్లాస్టిక్. మన చెత్తలో తొక్కలు, అన్నం, మట్టి. తడి కట్టెల పొయ్యి ఊదిన వాళ్లెవరికైనా తెలిసే విషయం అది. వంకాయ ముచ్చికలను మండించడానికి పైనుంచి డీజిలు పోయాల్సివస్తే అది విద్యుదుత్పత్తి కాదు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో కూడా కిలోకి 1,500 కిలో కేలరీలకు మించి వేడినిచ్చే, తిరిగి వాడలేని చెత్తనే ఇంధనంగా పంపమని చెప్పారు. అంటే మిగిలిందే కాల్చాలి తప్ప వచ్చిందంతా కాదు.

ఇండోర్‌లో అందరూ చూసి వచ్చేది 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన బయో సీఎన్‌జీ ప్లాంటు. రోజుకు 550 టన్నుల తడి చెత్త తీసుకుని బస్సులు నడిచే గ్యాస్ ఇస్తుంది. పైగా నడిపే సంస్థే కార్పొరేషన్‌కు ఏటా రెండున్నర కోట్ల దాకా కడుతుంది. మనవాళ్లు వెళ్లి ఫొటోలు దిగి వచ్చి "అలాంటిది మనకూ కావాలి" అంటారు. చెత్తను పులియబెట్టి గ్యాస్ తీసే ఆ ట్యాంకులోకి, డైజెస్టర్‌లోకి, వెళ్లే తడి చెత్తలో ప్లాస్టిక్ దాదాపు లేకపోవడం వల్లే అది నడుస్తోంది. ఆ శుభ్రత అయిదారేళ్లు వీధుల్లో చేసిన పని ఫలితం. ప్లాంటు కొనొచ్చు, ఆ అయిదేళ్లు కొనలేం.

ఇంకో సంగతి మరవొద్దు. 2011 జనాభా లెక్కల్లో ఇండోర్ ఇరవై లక్షల లోపు, అప్పటి జీహెచ్ఎంసీ అరవై ఏడు లక్షలు. ఇప్పుడు రెండూ ఇంకా పెరిగాయి. మనది మూడు, నాలుగు ఇండోర్‌లంత ఊరు. కాబట్టి దీన్ని నాలుగైదు ఊళ్లుగా చూసి పనిచేయాలి. 1994 ప్లేగు తర్వాత సూరత్‌కు కమిషనర్‌గా వెళ్లిన ఎస్.ఆర్. రావు చేసిన ముఖ్యమైన పని అదే. నగరాన్ని ఆరు జోన్లుగా తీసుకుని, తన ఆర్థిక, పాలనాధికారాలను జోన్ అధికారులకు పంచి, పొద్దున్నే అందరినీ వీధుల్లోకి పంపాడు. చీపురు కొనడానికి కూడా ఫైలు హెడ్ఆఫీసుకు వెళ్లే పద్ధతిలో ఏ నగరమూ శుభ్రపడదు. మన దగ్గర ప్రతి జోన్‌కూ దాని తడి చెత్త అక్కడే తేలేలా చిన్న ప్లాంట్లుండాలి. బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్ చూడండి. రోజుకు పది టన్నుల కూరగాయల వ్యర్థాలతో అక్కడే గ్యాస్, కరెంటు చేస్తున్నారు. కారణం సింపుల్, ఆ చెత్తలో కూరగాయలు తప్ప ఇంకేమీ లేవు.

అందుకే ఇళ్లకంటే ముందు పెద్దవాళ్ల దగ్గరికి వెళ్తాను. హోటళ్లు, హాస్టళ్లు, మార్కెట్లు, ఫంక్షన్ హాళ్లు. రోజుకు వంద కిలోలు దాటితే వాళ్లు బల్క్ జనరేటర్లు, అంటే ఒక్కచోటే భారీగా చెత్త వచ్చేవాళ్లు, తమ తడి చెత్త తామే చూసుకోవాలని 2016 నుంచీ ఉంది. మాఘమాసం ముహూర్తాల మర్నాడు ఫంక్షన్ హాలు వెనక సందులోకి ఎప్పుడైనా వెళ్లారా? విస్తళ్లు, ప్లాస్టిక్ గ్లాసులు, సగం తిన్న బిర్యానీ, గులాబీ రేకులు, అన్నీ ఒకే గుట్ట. అది నాలుగు వీధుల చెత్తతో సమానం, కానీ బాధ్యుడు ఒక్కడే, లైసెన్సు కూడా మన చేతిలోనే ఉంది. లక్ష ఇళ్లను మార్చడం కంటే అలాంటివి వెయ్యి చోట్లను మార్చడం తేలిక. వాళ్లకు పలుకుబడి ఎక్కువ, అది వేరే టెన్షన్.

జవహర్‌నగర్ పాత చెత్త గుట్ట గురించి మీకు నచ్చని మాట చెబుతాను. దాన్ని మొదటి ఏడాది ముట్టుకోను. తన పాత డంపు దేవ్‌గురాడియాలో ఇండోర్ బయోమైనింగ్ చేసి, అంటే పాత చెత్తను తవ్వి, జల్లెడ పట్టి విడదీసి, తీసింది దాదాపు 13 లక్షల టన్నులు. జవహర్‌నగర్‌లో మట్టి, షీట్లతో కప్పిన పాత చెత్త 1.2 కోట్ల టన్నుల దాకా ఉంటుంది, తొమ్మిది రెట్లు. కప్పితే వాన నీరు లోపలికి దిగడం తగ్గుతుంది, గ్యాసును గొట్టాలతో తీయొచ్చు, కానీ లోపలున్నది లోపలే ఉంటుంది. దమ్మాయిగూడ, నాగారం వైపు సాయంత్రం గాలి తిరిగితే జనం కిటికీలు మూసుకోవాల్సివస్తుంది, వాళ్ల కోపం న్యాయమైనది. అయినా రోజూ కొత్త తడి చెత్త వచ్చి పడుతుండగా పాతది తవ్వడం, కుళాయి కట్టకుండా నేల తుడవడం లాంటిది. వాసనకూ, చెత్తలోంచి కారే లీచేట్ అనే నల్లనీళ్లకూ మూలం తాజా తడి చెత్తే. అది అక్కడికి రావడం సగానికి తగ్గిన రోజు తవ్వకం మొదలుపెట్టొచ్చు.

చిత్తుకాగితాలు ఏరుకునేవాళ్ల గురించి ఎవరూ అడగరు, మీరూ అడగలేదు. పుణేలో 2008 నుంచి స్వచ్ఛ్ అనే సహకార సంఘంలో వాళ్లే ఇంటింటికీ వెళ్లి చెత్త తీసుకుంటున్నారు, గుర్తింపు కార్డుతో. ఏ ప్లాస్టిక్ ఎంతకు పోతుందో, ఏది ఎందుకూ పనికిరాదో వాళ్లకు తెలిసినంత మా ఇంజినీర్లకు తెలియదు. పొడి చెత్తను రకాలుగా విడదీసే మన డ్రై వేస్టు సెంటర్లను వాళ్ల చేతుల్లో పెడతాను.

ఇక మీ అపార్ట్‌మెంటు. 140 ఫ్లాట్లంటే రోజుకు 150, 160 కిలోల తడి చెత్త, మీరూ బల్క్ జనరేటరే. వాసన వస్తోందంటే రెండే కారణాలు, నీళ్లెక్కువ లేదా గాలి తక్కువ. మిషన్ కొనమని ఎవరైనా వస్తే ఆగండి. పిడికెడు కంపోస్టు తీసి గట్టిగా పిండండి. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిగ్గా ఉన్నట్టు. ధార కారితే ఎండుటాకులు, రంపపు పొట్టు, కొబ్బరి పొట్టు, ఏది దొరికితే అది కలపండి. తడి చెత్త ఒక బకెట్టు వేస్తే ఎండుది దాదాపు ఒక బకెట్టు పడాలి, చాలామంది గుప్పెడు చల్లి ఊరుకుంటారు. శిశిరంలో మీ ఆవరణలో రాలే ఆకులను కాల్చేయకుండా గోనె సంచుల్లో నింపి దాచుకోండి, వానాకాలంలో అవే బంగారం. మూడు రోజులకోసారి తిరగేయించండి. సాంబారు, మజ్జిగ లాంటివి వడకట్టి వేయమని ఫ్లాట్లకు చెప్పండి. కొత్త గుంట మొదలుపెట్టేటప్పుడు పాత కంపోస్టు నాలుగు బుట్టలు అడుగున వేస్తే తోడులా పనిచేస్తుంది.

ఇవన్నీ సరిగ్గా చేసినా పండగకు వాచ్‌మన్ ఊరెళ్లిన పది రోజుల్లో పాడవుతుంది, నేను చూసిన అపార్ట్‌మెంట్లలో ఎక్కువ భాగం అలాగే ఆగిపోయాయి. అతనికి జీతం మీద విడిగా ఈ పనికి డబ్బు ఇవ్వండి, అతను లేనప్పుడు ఎవరు తిరగేస్తారో ముందే పేరు రాసి గోడకు అంటించండి.